విశాఖపట్నం స్థలనామాలు – నగర ప్రణాళిక : నీటి జాడల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విశాఖపట్నం చిన్న రేవుపట్టణం నుంచి మహానగర ప్రాంతంగా ఎదిగిన క్రమాన్ని స్థలనామాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. గెడ్డ, వాక, లోవ, ధార, గుంట, మదుం, దిబ్బ వంటి మాటలు నగరం నలుమూలలా ఊళ్ళ పేర్లలో నిలిచి ఉన్నాయి. ఇవి నీటి నడకను, నేల ఎత్తుపల్లాలను సూచించే పదాలు. రేవు, పరిశ్రమలు, నివాస కాలనీలు అనే మూడు దశల విస్తరణలో ఈ పదాల అర్థం క్రమంగా మరుగునపడింది. 2041 లక్ష్యంగా సిద్ధమైన బృహత్ ప్రణాళిక అమలవుతున్న ఈ కాలంలో, స్థలనామాలను ప్రణాళికా సాక్ష్యంగా స్వీకరించవలసిన అవసరాన్ని, ఆ సాక్ష్యానికి గల పరిమితులను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: స్థలనామాలు, విశాఖపట్నం, గెడ్డ, వాక, లోవ, జాలారిపేట, బృహత్ ప్రణాళిక, తీరప్రాంతం.

1. ప్రస్తావన

నగర చరిత్రను సాధారణంగా కట్టడాల ఆధారంగా రాస్తారు. ఏ కోట ఎప్పుడు లేచింది, ఏ రేవు ఎప్పుడు తెరిచారు, ఏ కర్మాగారానికి ఎవరు శంకుస్థాపన చేశారు అన్న వివరాలు ఆ చరిత్రలో ముందుకు వస్తాయి. కట్టడం రాకముందు ఆ నేల ఏమిటి, దాని మీదుగా నీరు ఎటు పోయేది, అక్కడ ఎవరు ఏ పనిచేసి బతికేవారు అన్న ప్రశ్నలకు సమాధానం అంత సులభంగా దొరకదు. అటువంటి సమాధానాలను కొంతవరకు దాచి ఉంచే ఆధారాలలో స్థలనామం ఒకటి. ఊరికి పేరు పెట్టినవారు తాము చూసిన దానిని బట్టి పెట్టారు. తరువాత ఆ దృశ్యం మారినా పేరు చాలాకాలం మారకుండా నిలుస్తుంది.

ఈ పరిశీలనకు విశాఖపట్నం అనువైన నగరం. 1901 జనగణనలో పట్టణ జనాభా సుమారు 41 వేలు. 1951 నాటికి అది లక్షా 8 వేలకు చేరింది. 2011లో మహానగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షల 28 వేలమంది ఉన్నారు. ఒక శతాబ్దంలో నలభై రెట్లకు పైగా పెరిగిన ఈ జనాభాలో అధికభాగం పాత పట్టణంలో ఇమడలేదు. చుట్టూ ఉన్న పల్లెల మీద, చెరువుల మీద, కొండవాలుల మీద పరచుకుంది. పల్లెలు పోయినా పల్లెల పేర్లు బస్సు బోర్డుల మీద, కూడళ్ళకు మిగిలాయి. ఆ పేర్లను ఒక పటంలా చదవడం సాధ్యమేనా, సాధ్యమైతే రాబోయే నగర నిర్మాణానికి అది ఏ విధంగా ఉపకరిస్తుంది అన్నవి ఈ వ్యాసంలోని మూలప్రశ్నలు.

2. స్థలనామ పరిశోధన – పూర్వరంగం

తెలుగు శాఖలకు స్థలనామ పరిశోధన కొత్తది కాదు. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊళ్ళ పేర్ల మీద, యార్లగడ్డ బాలగంగాధరరావు నెల్లూరు జిల్లా గ్రామనామాల మీద చేసిన పరిశోధనలు ఈ రంగానికి పునాదులు వేశాయి. పూర్వపదం, ఉత్తరపదం అనే విభజనతో గ్రామనామాలను వర్గీకరించి, వాటి వెనుక ఉన్న నైసర్గిక, సామాజిక, మత కారణాలను వివరించే పద్ధతి ఆ కృషి వల్ల స్థిరపడింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం, పనిచేసేవారి నోటి మాటను శాస్త్రీయాధారంగా స్వీకరించవచ్చునని నిరూపించింది.

ఈ పరిశోధనలలో ఎక్కువ భాగం గ్రామాన్ని ప్రధానంగా తీసుకున్నవి. గ్రామం నగరంలో కలిసిపోయిన తరువాత దాని పేరుకు ఏమవుతుంది అన్న విషయం మీద తగినంత దృష్టి పడలేదు. నగరంలో స్థలనామం అర్థాన్ని కోల్పోయి కేవలం గుర్తుగా మారుతుంది. బస్సు దిగవలసిన చోటుకు పేరు కావాలి గాని ఆ పేరుకు అర్థం అక్కరలేదు. అర్థం జారిపోయే ఆ దశను పరిశీలించడమే ప్రస్తుత ప్రయత్నం.

3. నైసర్గిక స్వరూపం – నామావళి

విశాఖ నగరం ప్రధానంగా కొండల నడుమ పళ్ళెంలా ఉన్న నేల. ఉత్తరాన సింహాచలం కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, ఈశాన్యాన కైలాసగిరి, తూర్పున సముద్రం. యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొసనే డాల్ఫిన్ నోస్ అంటున్నారు. కొండల మీద పడిన వాన తక్కువ దూరంలోనే, తక్కువ సమయంలోనే సముద్రాన్ని చేరాలి. అందువల్ల ఇక్కడి ప్రవాహాలు పొట్టివి, వానాకాలంలో ఉద్ధృతమైనవి, వేసవిలో దాదాపు కనిపించనివి. ఈ రకపు ప్రవాహాలను గుర్తించే మాటలు స్థలనామాలలో విరివిగా కనిపిస్తాయి.

గెడ్డ: ఉత్తరాంధ్రలో కొండవాగుకు, చిన్న ఏటికి వాడే మాట. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. ఇతర తెలుగు ప్రాంతాలవారికి 'గడ్డ' అంటే మట్టిపెళ్ళ లేదా నేల స్ఫురిస్తుంది. ఇక్కడివారికి 'గెడ్డ' అనగానే నీరు స్ఫురిస్తుంది.

వాక: ఏరు, ప్రవాహం అనే అర్థంలో కావ్యభాషలోనూ ఉన్న పాతమాట. నేటి వాడుకలో ఇది విడిగా వినిపించడం అరుదు. గాజువాక, హనుమంతవాక అనే పేర్లలో ఉత్తరపదంగా నిలిచి ఉంది. నేడు నగరంలో అత్యంత రద్దీ ప్రాంతాలలో గాజువాక ఒకటి. హనుమంతవాక జాతీయ రహదారి మీది కూడలి.

లోవ: కొండల నడుమ లోయ. ముడసర్లోవ, ఆరిలోవ ఈ కోవలోవి.

ధార: కొండవాలున ఊరే నీరు. సింహగిరి మీది గంగధార, ఆకాశధారలతో పాటు మాధవధార, సీతమ్మధార అనే పేర్లలో ఈ మాట ఉంది. చివరి రెండూ నేడు పూర్తిగా నివాస ప్రాంతాలు.

గుంట, మదుం: వేపగుంటలోని గుంట నీరు నిలిచే పల్లాన్ని సూచిస్తుంది. పాత పట్టణం అంచున ఉన్న చావులమదుంలోని ఉత్తరపదం తూముకు పర్యాయపదమైన 'మదుము'. నీటిని వదలడానికి, మళ్ళించడానికి మనిషి చేసుకున్న ఏర్పాటును ఈ పేరు తెలుపుతుంది.

దిబ్బ: ఇసుక మేట లేదా ఎత్తయిన నేల. దిబ్బపాలెం, భీమునిపట్నం సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు ఇందుకు నిదర్శనాలు. ఇసుకతోట వంటి పేర్లు కూడా తీరపు నేల స్వభావాన్నే చెబుతాయి.

ఈ నామావళిలో ఒక క్రమాన్ని గమనించవచ్చు. ముడసర్లోవ, ఆరిలోవ, హనుమంతవాక అనే మూడు పేర్లూ కొండ నుంచి సముద్రం వైపు వచ్చే దారిలో వరుసగా తగులుతాయి. మొదటి రెండూ లోయలు, మూడవది ప్రవాహం. లోయలో పోగైన నీరు వాకగా మారి కడలిని చేరే తీరును ఈ మూడు పేర్లే వరుసగా చెబుతున్నాయి. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పట్టణానికి తాగునీరు ఇచ్చే జలాశయాన్ని ముడసర్లోవలో నిర్మించడం ఈ నామార్థానికి అనుగుణంగానే జరిగింది. ఆనాటి ఇంజనీర్లు నేలను చూసి ఎంచుకున్న స్థలాన్ని, అంతకు చాలాముందే అక్కడివారు పేరుతో గుర్తించి ఉంచారు.

4. మొదటి దశ – రేవు

క్రీ.శ. 11వ శతాబ్ది చివరినాటికి ఈ పట్టణానికి కులోత్తుంగచోళపట్టణమనే నామాంతరం ఉన్నట్లు శాసనాల వల్ల తెలుస్తుంది. 'పట్టణం' అన్న మాటకు తీరాంధ్ర, తమిళ ప్రాంతాలలో రేవు వర్తకస్థానమనే అర్థం ప్రధానం. 17వ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థావరం ఏర్పరచుకుంది. అయినా ఇరవయ్యో శతాబ్ది వరకు ఓడలు నడిసముద్రంలో లంగరువేసి ఉంటే, సరుకును పడవల మీద ఒడ్డుకు చేర్చవలసివచ్చేది.

ఆధునిక రేవు నిర్మాణంతో పరిస్థితి మారింది. బెంగాల్ నాగపూర్ రైల్వే చేపట్టిన ఈ పనికి మధ్యపరగణాల ఖనిజాన్ని, ముఖ్యంగా మాంగనీసును, సముద్రానికి చేర్చడం ప్రధాన కారణం. 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం పూర్తయింది. 1933 అక్టోబరులో మొదటి ఓడ రేవులోకి ప్రవేశించగా, డిసెంబరులో వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

ఈ లోపలి రేవును తవ్విన చోటు ఉప్పునీటి చిత్తడినేల. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డల నీరు చేరి, సముద్రపు పోటు నీటితో కలిసే పల్లం అది. ఆ పల్లాన్ని లోతుగా తవ్వి కాలువగా మలచారు. తవ్విన మట్టితో చుట్టుపక్కల నేలను మెరక చేశారు. ఇంజనీరింగ్ దృష్టితో ఇది గొప్ప విజయం. నీటి చరిత్ర దృష్టితో చూస్తే రెండు గెడ్డల ముఖద్వారాన్ని నగరం తన అవసరానికి మార్చుకున్న ఘట్టం. ఆ తరువాత కొండల నుంచి వచ్చే వరదకు విస్తరించే చోటు తగ్గింది. 2012 నవంబరు మొదట్లో నీలం తుపాను వెంట వచ్చిన వానలకు విమానాశ్రయం నీట మునిగి రాకపోకలు నిలిచిపోయాయి. మేఘాద్రిగెడ్డ పాత పల్లంలోనే ఆ విమానాశ్రయం ఉంది. అక్కడి నీటి రాకను అనూహ్యమనడానికి వీలులేదు. గెడ్డ అన్న పేరులోనే ఆ సూచన ఉంది.

రేవు మరొక మార్పుకూ కారణమైంది. ఈ తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరం వైపు కదులుతుంది. రేవు ముఖాన కట్టిన అడ్డుగోడలు ఆ కదలికను ఆపుతాయి. దక్షిణాన ఇసుక మేటవేయడం, ఉత్తరాన ఉన్న పట్టణ తీరం కోతకు గురికావడం దాని ఫలితం. 1976లో వెలుపలి రేవు వచ్చాక సమస్య పెద్దదైంది. రేవులో తవ్వితీసిన ఇసుకను రామకృష్ణా బీచ్ వైపు పోయడం నగర నిర్వహణలో నేటికీ కొనసాగుతున్న పని.

5. రెండవ దశ – పరిశ్రమలు

1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణ కేంద్రం నుంచి 1948 మార్చిలో జలఉష నౌక సముద్రంలోకి దిగింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1960లలో భారీయంత్రాల, ఎరువుల కర్మాగారాలు, తరువాత జింకు కర్మాగారం వచ్చాయి. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమం, 1971 జనవరిలో శంకుస్థాపన, 1992 ఆగస్టులో జాతికి అంకితం అన్నవి తెలుగువారి స్మృతిలో బలంగా ఉన్న ఘట్టాలు.

ఈ దశలో విస్తరణ నైరుతి దిశగా, గాజువాక వైపు సాగింది. ఉక్కు కర్మాగారం కోసం 20 వేలకు పైగా ఎకరాలు సేకరించారు. 64 గ్రామాల ప్రజలు ఆ భూమిని వదులుకున్నారు. వడ్లపూడి, అగనంపూడి వంటి చోట్ల నిర్వాసిత కాలనీలు ఏర్పడ్డాయి. 'ఆర్ కార్డు' అన్న మాట ఆ ప్రాంత వాడుకభాషలో ఒక తరపు జీవితానికి గుర్తుగా నిలిచిపోయింది. ఊరు పోయిన తరువాత ఊరి పేరు రెండు విధాలుగా మిగిలింది: ఒకటి ఇంటిపేర్లతో పాటు చెప్పుకునే జ్ఞాపకంగా, రెండు నష్టపరిహార పత్రాలలో నమోదుగా.

పరిశ్రమలకు నీరు కావాలి. ఉక్కు కర్మాగారానికి ఏలేరు నీటిని సుదీర్ఘమైన కాలువ ద్వారా తెచ్చారు. గోస్తని మీది తాటిపూడి, శారద నది మీది రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాలు నగరావసరాలకు తోడయ్యాయి. గాజు'వాక'కు, సీతమ్మ'ధార'కు నీళ్ళు పరాయి నదుల నుంచి రావలసివచ్చింది. నీటిని బట్టి పేరు పొందిన ఊళ్ళు నీటి కోసం దూరానికి చేయిచాచిన ఈ పరిణామం నగర చరిత్రలో కీలకమైనది. దగ్గరి నీటిని కాపాడుకోవలసిన అవసరం ఉందన్న స్పృహ ఇక్కడే సన్నగిల్లింది.

సాహిత్యం ఈ మార్పును పట్టించుకుంది. విశాఖ న్యాయస్థానాలలో వకీలుగా జీవితాన్ని చూసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి రచనలు నగరపు దిగువ వీధుల ప్రపంచాన్ని నమోదు చేశాయి. విశాఖలో దశాబ్దాలపాటు ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాళీపట్నం రామారావు 'జీవధార' కథ నీటి కొరతను, ఆ కొరతలో దాగిన వర్గభేదాన్ని వస్తువుగా స్వీకరించింది. నగరంలో నీరు ప్రకృతివిషయంగా ఉన్న దశ ముగిసి అధికారవిషయంగా మారిందని తెలుసుకోవడానికి ప్రణాళికాపత్రాలకన్నా ఆ కథే ముందుగా ఉపకరిస్తుంది.

పరిశ్రమను ఊరికి దూరంగా నెలకొల్పినా, ఊరు దాని దగ్గరకు రాకుండా చూడడం ప్రణాళిక బాధ్యత. ఆ బాధ్యత నెరవేరని చోట్ల మూల్యం ప్రాణాల రూపంలో చెల్లింది. 1997 సెప్టెంబరులో చమురుశుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడులో యాభైమందికి పైగా మరణించారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం వద్ద వెలువడిన విషవాయువు 12 మందిని బలిగొంది. 1960లలో పట్టణానికి వెలుపల మొదలైన ఆ కర్మాగారం చుట్టూ తరువాతి దశాబ్దాలలో ఇళ్ళు వచ్చాయి.

6. మూడవ దశ – కాలనీలు, కురచబడిన పేర్లు

1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 1978లో విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1979లో పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పరచారు. నగర వైశాల్యం సుమారు 110 చదరపు కిలోమీటర్ల నుంచి సుమారు 540 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. 2018లో అభివృద్ధి సంస్థ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థగా మారింది. 2041 లక్ష్యసంవత్సరంగా అది రూపొందించిన బృహత్ ప్రణాళికకు 2021లో ఆమోదం లభించింది.

ఈ దశలో స్థలనామాలకు జరిగిన మార్పు ఆసక్తికరం. మువ్వలవానిపాలెం నేల మీద వెలసిన కాలనీ ఎంవీపీ కాలనీ అయింది. పోతినమల్లయ్యపాలెం పీఎం పాలెం అయింది. మొదటిదానిలో ఇంటిపేరు, ఊరు అనే రెండు అంశాలూ మూడు ఆంగ్లాక్షరాలలోకి కుదించుకుపోయాయి. రెండవదానిలో 'పాలెం' మాత్రం బతికింది. నౌకాదళ ఆయుధాగారం ఆంగ్లనామంలోని మొదటి అక్షరాలు ఎన్ఏడీ కూడలికి పేరయ్యాయి. కొత్త లేఅవుట్లకు నగర్, ఎన్‌క్లేవ్, హిల్స్, వ్యూ అనే ఉత్తరపదాలు చేరాయి. వీటిలో నేల గురించిన సమాచారం లేదు. 'వ్యూ' అన్న మాట ఆ ఇంటి నుంచి ఏమి కనబడుతుందో చెబుతుంది గాని, ఆ ఇంటి కింద ఏముందో చెప్పదు. 'గుంట' అన్న పేరున్న చోట ఇల్లు కొనేవారు ఒక ప్రశ్నయినా వేస్తారు. 'లేక్ వ్యూ' అన్న పేరు ఆ ప్రశ్నను రానివ్వదు.

రెవెన్యూ దస్త్రాలలో ఈ ప్రశ్నకు జవాబు ఉంది. గెడ్డ పోరంబోకు, వాగు పోరంబోకు, చెరువు గర్భం అన్న నమోదులు గ్రామ పటాలలో, అడంగళ్ళలో కనిపిస్తాయి. సర్వే నెంబరు ఆధారంగా నడిచే లావాదేవీలో ఆ మాటలు కొనుగోలుదారు కంటపడవు. రెవెన్యూ భాషకు, ప్రణాళికాభాషకు, వాడుకభాషకు మధ్య సంబంధం తెగిపోవడమే ఈ దశ ముఖ్యలక్షణం.

7. ఒడ్డుకు రెండు పరిభాషలు

నీటి జాడలను చెప్పే పేర్లతో పాటు, నీటి మీద బతికేవారిని చెప్పే పేర్లు కూడా పరిశీలించదగినవి. పెదజాలారిపేట, జాలారి ఎండాడ, చేపలుప్పాడ అనే పేర్లు తీరం పొడవునా ఉన్న వృత్తిజీవనాన్ని తెలుపుతాయి. జాలారులు ఈ తీరపు మత్స్యకార సమాజాలలో ముఖ్యులు. తెప్పలను ఒడ్డుకు చేర్చడానికి, వలలు ఆరబెట్టి బాగుచేసుకోవడానికి, ఒడ్డు నుంచి పెద్దవల లాగడానికి, చేపలు ఎండబెట్టడానికి వారికి విశాలమైన ఇసుకతీరం అవసరం. వారి దృష్టిలో ఒడ్డు పనిచేసే చోటు.

ప్రణాళికాపరిభాషలో అదే ఒడ్డు వినోదమండలం, పర్యాటకమండలం, తీరరహదారి అన్న పేర్లతో కనిపిస్తుంది. 1991లో మొదట వెలువడి, 2011లోను, 2019లోను కొత్తరూపం దాల్చిన తీరప్రాంత నియంత్రణ ప్రకటనలు మత్స్యకార ఆవాసాలకు కొంత ప్రత్యేక గుర్తింపు ఇచ్చాయి. ఆ గుర్తింపు ప్రధానంగా ఇంటికి సంబంధించినది. పనిచేసే ఇసుకకు అంతటి స్పష్టత రాలేదు. గంగవరం రేవు 2009లో మొదలైనప్పుడు గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారుల తీరజీవనం మారిపోవడం ఈ తేడాను స్పష్టంచేసిన ఉదాహరణ. ఊరి పేరు రేవుకు దక్కింది. ఊరివారికి ఒడ్డు దక్కలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు మించిన వేగంతో విశాఖ వద్దనే తీరం దాటింది. ఒక మహానగరం మీదుగా నేరుగా తుపాను తీరం దాటిన అరుదైన సందర్భమది. కొండల మీద చెట్లు కూలి, తీరరహదారి కోసుకుపోయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతిని, నగరం రోజుల తరబడి విద్యుత్తు లేక గడిపింది. సముద్రానికి నగరమంత చేరువగా జరగడం ఎంతవరకు క్షేమమన్న ప్రశ్నను ఆ తుపాను ముందుకు తెచ్చింది. దిబ్బలను, ఇసుకమేటలను తీరానికి రక్షణగా చూడవలసిన అవసరం ఆనాటి నుంచి మరింత పెరిగింది.

8. నామసాక్ష్యానికి పరిమితులు

స్థలనామాన్ని ఆధారంగా తీసుకునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, జనవ్యుత్పత్తి. అర్థం మరుగునపడిన పేరుకు జనం కొత్తకథ అల్లుతారు. చావులమదుంలోని పూర్వపదానికి మరణంతో ముడిపెట్టి చెప్పే కథనాలను శాసన, దస్త్రాధారాలు లేకుండా స్వీకరించరాదు. రెండవది, ఉత్తరపదాల అనేకార్థకత. పాలెం అన్న మాట సైనిక విడిదికీ, కొత్తగా వెలసిన చిన్న ఊరికీ కూడా వర్తిస్తుంది. మూడవది, ప్రవాహాలు సహజంగానే దారి మార్చుకుంటాయి. వందేళ్ళనాటి పేరు నేటి ప్రవాహమార్గాన్ని కచ్చితంగా చూపకపోవచ్చు.

అందువల్ల స్థలనామాన్ని తీర్పుగా గాక ప్రశ్నగా తీసుకోవడం ఉచితం. ఒక చోటు పేరులో గెడ్డ, వాక, గుంట ఉన్నప్పుడు అక్కడి గ్రామ పటాన్ని, రెవెన్యూ నమోదును, నేలవాలును పరిశీలించి తీరాలన్న నియమం చాలు. మూడు ఆధారాలూ ఏకీభవించిన చోట నిర్ణయం సులభం. విభేదించిన చోట నిర్మాణానుమతికి ముందే మరింత పరిశీలన జరగాలి.

9. రాబోయే నగరం – కొన్ని ప్రతిపాదనలు

రాబోయే దశ విస్తరణ ఉత్తర దిశగా, భీమునిపట్నం దాటి భోగాపురం వరకు సాగుతోంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో, దక్షిణకోస్తా రైల్వే ప్రధానకార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపనలు జరిగాయి. నీతి ఆయోగ్ వృద్ధికేంద్రాలుగా ఎంచుకున్న నాలుగు నగర ప్రాంతాలలో విశాఖ ఒకటి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేళ్ళలో సుమారు 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో ఇక్కడ డేటాకేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. డేటాకేంద్రాలకు విద్యుత్తు, యంత్రాలను చల్లబరిచే ఏర్పాట్లు భారీగా అవసరం. ఆ ఏర్పాట్లలో నీటి పాత్ర ముఖ్యమైనది. ఎర్రమట్టి దిబ్బలు, బావికొండ, తొట్లకొండ బౌద్ధక్షేత్రాలు, జాలారి పల్లెలు, కొండదిగువ చెరువులు ఈ ఉత్తరపు దారిలోనే ఉన్నాయి. మొదటి మూడు దశలలో జరిగినది నాలుగవ దశలో పునరావృతం కాకుండా చూడడానికి ఇంకా అవకాశం ఉంది. ఈ దృష్టితో నాలుగు ప్రతిపాదనలు చేయవచ్చు.

ఒకటి: మహానగర ప్రాంతంలోని గ్రామ, శివారు, గెడ్డ, చెరువు, దిబ్బ, రేవు పేర్లన్నిటినీ సర్వే నెంబర్లతో జోడించి తెలుగులో స్థలనామకోశం సిద్ధంచేయాలి. ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, భూగోళ శాఖలు కలిసి చేయదగిన పని ఇది.

రెండు: ప్రణాళికాపటాల మీద లేఅవుట్ పేర్లతో పాటు పాతపేర్లను కూడా తెలుగు లిపిలో ముద్రించాలి. అభ్యంతరాలు తెలపవలసిన పౌరుడు తన ఊరిని పటంలో గుర్తుపట్టగలిగినప్పుడే ఆ అవకాశానికి అర్థం ఉంటుంది.

మూడు: ప్రణాళికాపరిభాషకు ప్రాంతీయ పదాలను స్వీకరించాలి. గెడ్డ, లోవ, ధార, దిబ్బ అన్న నాలుగు మాటలు నాలుగు వేర్వేరు నైసర్గిక స్థితులను సూచిస్తాయి. వీటన్నిటినీ 'ఖాళీస్థలం' అన్న ఒకే వర్గంలో చేర్చడం వల్ల ఆ తేడాలు చెరిగిపోతాయి.

నాలుగు: మత్స్యకార పల్లెలలో ఒడ్డుకు, అలకు, గాలికి, ఇసుకకు వాడే పదాలను వృత్తిపదకోశ పద్ధతిలో సేకరించాలి. ఏ నెలలో ఒడ్డు ఎంత తగ్గుతుంది, ఎంత పెరుగుతుంది అన్న అనుభవజ్ఞానం ఆ పదాలలో ఇమిడి ఉంది. సముద్రమట్టం పెరుగుతున్న కాలంలో ఈ సేకరణను వాయిదావేయడం తగదు. ఆ పదాలు తెలిసిన తరం వృద్ధాప్యంలో ఉంది.

10. ముగింపు

విశాఖపట్నం విస్తరణ చరిత్రను స్థలనామాల వెలుగులో పరిశీలించినప్పుడు మూడు అంశాలు తేలుతున్నాయి. నగరం నీటి మార్గాల మీద పెరిగింది. ఆ మార్గాల పేర్లు నిలిచినా వాటి అర్థం వాడుకలో జారిపోయింది. వరద, నీటి కొరత, తీరపు కోత అనే సమస్యలు ఈ అర్థలోపంతో ముడిపడి ఉన్నాయి. పేర్లను దస్త్రాలతో, నేలతో సరిపోల్చి చదివే పద్ధతి ఏర్పడితే, 2041 లక్ష్యంగా సాగుతున్న ప్రణాళికకు అది తక్కువ ఖర్చుతో లభించే ఆధారమవుతుంది.

గ్రామనామ పరిశోధనను తెలుగు శాఖలు ఇంతవరకు భాషాచరిత్రకు, సామాజికచరిత్రకు వినియోగించాయి. నగర ప్రణాళికకు కూడా ఆ పరిశోధనను అందించవలసిన సమయమిది. భీమునిపట్నం నుంచి భోగాపురం వరకు ఉన్న పల్లెల పేర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి, వాటి అర్థం చెప్పగలవారూ ఉన్నారు. స్థలనామకోశం పని ఆ పల్లెల నుంచి మొదలుపెట్టడం సముచితం.